కళ్ళ మీద చుక్కలు కనిపిస్తే ఆ ఈగని ఎరిస్టాలినస్ అని రాసేయొచ్చా?

మేడతోట, అల్వాల్:
ఆదివారం పొద్దున మేడ మీద తులసి పూత దగ్గర తీసిన ఫొటో పెడితే ఒకరు తేనెటీగ అన్నారు, ఇంకొకరు తేనెటీగలా కనిపించే ఈగ ఎరిస్టాలిస్ టెనాక్స్ అని తేల్చేశారు. రెండూ కాదంటాను. తేనెటీగకి నాలుగు రెక్కలు, దీనికి రెండే, మీసాలు కూడా పొట్టిగా ముఖానికి అతుక్కున్నట్టున్నాయి. అంటే ఈగే, పూల దగ్గర గాల్లో నిలిచి ఎగిరే హోవర్‌ఫ్లై. ఇక కళ్ళు చూడండి, లేత పసుపు మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు! ఎరిస్టాలిస్ కళ్ళకి ఇలాంటివి ఉండవు. ఎరిస్టాలినస్ అనే ఇంకో ప్రజాతి అంటే ఎందుకు ఒప్పుకోరు?

రెక్కలపిచ్చి:
మీరు చెప్పిన ప్రజాతి సరైనదే కావచ్చండీ, దారి మాత్రం సరికాదు. కొన్ని జోరీగల కళ్ళ మీద కూడా చారలుంటాయి. స్టోమోరైనా అని ఇంకో ఈగ ఉంది, అదీ పూల మీదే వాలుతుంది, దాని కళ్ళకీ చారలే, కానీ అసలు హోవర్‌ఫ్లై కుటుంబమే కాదు. టెనాక్స్ కంటి మీద నూగు నిలువు పట్టీల్లా ఉంటుంది, మసక ఫొటోలో అదే గీతలా కనిపించి మోసం చేస్తుంది. అందుకే రెక్క చూడాలి. మధ్యలో ఒక నరం గిన్నెలా లోతుగా కిందికి దిగి మళ్ళీ పైకి లేవాలి, ముందు అంచు దగ్గరి గది అంచును తాకకముందే మూసుకుపోవాలి.

మేడతోట, అల్వాల్:
అన్నా, ఆ రెండూ ఎరిస్టాలిస్‌లోనూ ఉంటాయి కదా! రెక్క ఒక్కటే చూస్తే ఈ రెండు ప్రజాతుల్ని విడదీయలేం, విడదీసేది కళ్ళే.

రెక్కలపిచ్చి:
అది నిజం. నేను కళ్ళు వద్దనలేదు, కళ్ళు ఒక్కటే చాలవన్నాను. రెక్క పైనుంచి, కళ్ళు పక్కనుంచి, రెండు ఫొటోలు ఉంటే వాదనే ఉండదు. జాతి పేరు మాత్రం తొందరపడి రాయకండి. ఎరిస్టాలినస్‌లోనే ఆర్వోరమ్, మెగాసెఫాలస్, క్విన్‌క్వెస్ట్రియాటస్ అనే జాతులు మూడూ మన దేశంలో ఉన్నాయి, మూడింటికీ చుక్కల కళ్ళే.

మౌలాలి అక్క:
ఒక్క మాట. మా ఎరువు నీళ్ళ బకెట్లో పొడుగు తోక పురుగులు కనిపిస్తే అసహ్యమేసి రెండుసార్లు పారబోశాను. అవి ఈ ఈగల పిల్లలేనని, ఆ తోక మురికి నీళ్ళలోంచి పైకి చాపి గాలి పీల్చుకునే గొట్టమని తర్వాత తెలిసి చాలా బాధేసింది. పెద్దయ్యాక మన పూల మీదే తిరుగుతూ పుప్పొడి మోస్తాయి. పేరు తేలేలోపు దయచేసి వాటిని పారబోయకండి.

మేడతోట, అల్వాల్:
అక్కా, మా తొట్టి దగ్గర కూడా చూస్తాను. అన్నా, వచ్చే ఆదివారం రెక్క ఫొటో పెడతా, అప్పటిదాకా టెనాక్స్ అన్న పేరు మాత్రం తీసేయండి.