ప్లేబుక్‌లో మోడ్ 644 ఇస్తే పర్మిషన్ వింతగా వస్తోంది (ఇంకో రెండు సందేహాలు కూడా)

కొత్త_అడ్మిన్: అందరికీ నమస్కారం. సర్వర్లు, స్విచ్‌ల సెట్టింగ్‌లని ప్లేబుక్ అనే ఫైల్‌లో రాసి నడిపే టూల్ యాన్సిబుల్ ఈమధ్యే మొదలుపెట్టాను. ఫైల్‌ని సర్వర్‌కి పంపే కాపీ మాడ్యూల్‌లో మోడ్ 644 (ఓనర్‌కి చదివే, రాసే హక్కు, మిగతావాళ్లకి చదివే హక్కు) అని రాస్తే, సర్వర్‌లో ఆ ఫైల్‌ని ఓనర్ కూడా చదవలేకపోతున్నాడు. ఎల్ఎస్ కొట్టి పర్మిషన్లు చూస్తే చివర్లో పెద్ద టీ ఒకటి కనిపిస్తోంది. రెండోది, సిస్కో స్విచ్‌ల పాస్‌వర్డ్‌లు ఎక్కడ దాచాలి? మూడోది, అన్నీ ఒకే ప్లేబుక్‌లో పెట్టాలా, విడగొట్టాలా?

కమాండ్_కామయ్య: ముందు సున్నా లేదు కాబట్టి యామల్ (ప్లేబుక్ రాసే ఫార్మాట్) దాన్ని మామూలు అంకె అనుకుంది. 644ని ఆక్టల్‌లోకి (పర్మిషన్లు రాసే, ఎనిమిదుల లెక్క) మారిస్తే 1204. ఆ 1 స్టిక్కీ బిట్ అనే ప్రత్యేక పర్మిషన్, మీకు కనిపించే పెద్ద టీ అదే. 2 అంటే ఓనర్‌కి రాసే హక్కు మాత్రమే. '0644' అని కోట్స్‌లో రాయండి, సరిపోతుంది.

పాతకాపు: కోట్స్ దేనికండీ? ఉత్త 0644 అని రాస్తే చాలు. నా ఫైళ్లన్నీ అలాగే ఉన్నాయి, ఏ రోజూ తేడా రాలేదు.

కమాండ్_కామయ్య: ఎందుకు రాలేదంటే యాన్సిబుల్ వాడే పైయామల్ లైబ్రరీ ఇంకా యామల్ 1.1 పద్ధతిలో చదువుతుంది కాబట్టి. 2009లో వచ్చిన 1.2లో ఆక్టల్ అంటే 0ఓ644. అక్కడ మీ 0644 మళ్లీ మామూలు అంకే. రేపు అదే ఫైల్‌ని ఇంకో టూల్ చదివితే?

పాతకాపు: రేపటి సంగతి రేపు. యాన్సిబుల్ ఫైల్‌ని యాన్సిబుల్ కాక ఎవరు చదువుతారు? కోట్స్ పెట్టడం ఒక గొప్పా!

కమాండ్_కామయ్య: గొప్ప కోసం కాదు స్వామీ. 22:22 అని కోట్స్ లేకుండా రాసి చూడండి, 1342 అని చదువుతుంది. 1.1లో కోలన్ పెట్టి రాసిన అంకెలు అరవైల లెక్కలోకి పోతాయి. నార్వే కోడ్ ఎన్‌ఓ రాస్తే ఫాల్స్ అవుతుంది. ఇవన్నీ తెలిసే కోట్స్ అంటున్నా.

పాతకాపు: నార్వేలో నాకు సర్వర్లు లేవు.

ట్యాబ్_బాధితుడు: మీ గొడవ బాగుంది గానీ, ట్యాబ్ సంగతి ఎవరూ ఎత్తరేం? ఇండెంట్‌లో ఒక్క ట్యాబ్ పడితే ఫైల్ మొత్తం చదవనంటుంది. అంతకన్నా ఘోరం ఏంటంటే, షరతు పెట్టే వెన్ అన్న లైన్ రెండు స్పేస్‌లు లోపలికి జరిగితే అది మాడ్యూల్‌కి ఇచ్చిన ఆర్గ్యుమెంట్ అయిపోతుంది.

నెట్‌కాన్ఫ్_నాని: యామల్‌తో ఈ తిప్పలన్నీ పిల్ల చేష్టలు. యాన్సిబుల్ పుట్టిందే 2012లో. అంతకుముందే, 2006లో, నెట్‌వర్క్ పరికరాలని ఎక్స్‌ఎమ్‌ఎల్‌తో కాన్ఫిగర్ చేసే నెట్‌కాన్ఫ్ ప్రమాణం వచ్చింది, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6241గా సవరించారు. ఏ సెట్టింగ్‌లో ఎలాంటి విలువ ఉండాలో చెప్పే యాంగ్ మోడల్ ఉంటే ఏది అంకె, ఏది స్ట్రింగ్ అన్న సందేహమే రాదు. నేను యాంగ్ మోడల్స్ సొంతంగా రాస్తాను, కావాలంటే అడగండి.

ట్యాబ్_బాధితుడు: ఎక్స్‌ఎమ్‌ఎల్ చేత్తో రాసేవాళ్లు యామల్‌ని పిల్ల చేష్ట అంటున్నారా! సరే సార్.

స్విచ్_వీరుడు: మీరు కోట్స్ దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రమాదం స్విచ్‌కి పంపడానికి లైన్స్ కింద రాసే కమాండ్‌లో ఉంది. మా దగ్గర కాంట్రాక్టుకి వచ్చిన ఒకాయన ట్రంక్ పోర్ట్‌కి (చాలా వ్లాన్లని, అంటే విడివిడి వర్చువల్ నెట్‌వర్క్‌లని, మోసే పోర్ట్) వ్లాన్ 30 కలపమంటే, 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వ్లాన్ 30' అని రాసి నడిపేశాడు. 'యాడ్' అన్న మాట లేదు. కలపడం పోయి, పాత వ్లాన్లన్నీ ఎగిరిపోయి 30 ఒక్కటే మిగిలింది. మేనేజ్‌మెంట్ వ్లాన్ కూడా పోయింది కాబట్టి ఆ స్విచ్‌లకి మళ్లీ లాగిన్ అయ్యే దారి లేదు. ఫోర్క్స్ (ఒకేసారి ఎన్నింటి మీద నడపాలో చెప్పేది) డిఫాల్ట్ 5 కాబట్టి ఒకేసారి అయిదింటి మీద పడింది. ఒక్కొక్కటిగా నడిపే సీరియల్ 1 పెట్టుంటే మొదటిదాంతో ఆగేది.

పాతకాపు: ముందు 'రీలోడ్ ఇన్ 10' (పది నిమిషాల్లో రీస్టార్ట్) కొట్టి నడపాల్సింది. కనెక్షన్ పోతే పది నిమిషాల్లో పాత కాన్ఫిగ్‌తో లేచేది.

నెట్‌కాన్ఫ్_నాని: జూనిపర్‌లో 'కమిట్ కన్‌ఫర్మ్‌డ్' ఉంది, రీలోడ్ కూడా అక్కర్లేదు. గడువులోగా ఖాయం చేయకపోతే దానంతటదే పాత స్థితికి వెళ్తుంది.

స్విచ్_వీరుడు: మావి జూనిపర్ కావు బ్రో. ఆ రీలోడ్ కూడా, మధ్యలో ఎవరూ కాన్ఫిగ్‌ని సేవ్ చేసే రైట్ మెమరీ కొట్టకపోతేనే పనికొస్తుంది. సిస్కో కమాండ్‌లు పంపే ఐఓఎస్ కాన్ఫిగ్ మాడ్యూల్‌లో 'సేవ్ వెన్' ఆల్వేస్ అని పెట్టి ఉంటే ఆ తప్పుడు కాన్ఫిగ్‌నే సేవ్ చేసి కూర్చుంటుంది.

కొత్త_అడ్మిన్: కామయ్య గారూ, కోట్స్ పెట్టాక సరిగ్గా వచ్చింది, థాంక్స్. పాస్‌వర్డ్‌ల సంగతి ఎవరైనా చెప్తారా?

ట్యాబ్_బాధితుడు: యాన్సిబుల్ వాల్ట్. పాస్‌వర్డ్‌లున్న ఫైల్‌ని దాంతో ఎన్‌క్రిప్ట్ చేసి గ్రూప్ వార్స్‌లో (ఒక గ్రూప్ పరికరాల వేరియబుల్స్ ఉండే ఫోల్డర్) పెట్టండి. వాల్ట్ పాస్‌వర్డ్‌ని మాత్రం అదే గిట్‌లో పెట్టకండి, అలా చేసేవాళ్లని చూశాను. పాస్‌వర్డ్ వాడే టాస్క్‌కి 'నో లాగ్' కూడా పెట్టండి, లేకపోతే అవుట్‌పుట్‌లో బయటపడొచ్చు.

పాతకాపు: 'నో లాగ్: ఎస్' అని రాయాలి, కోట్స్ లేకుండా. :)

కమాండ్_కామయ్య: ట్రూ అని రాయండి. ప్లేబుక్‌లో తప్పులు పట్టే యాన్సిబుల్ లింట్ ఎస్ రాస్తే ఊరుకోదు.

స్విచ్_వీరుడు: అన్నట్టు, పోర్ట్‌ని ఆన్ చేసే 'నో షట్‌డౌన్' లైన్ ప్రతి రన్‌లోనూ ఛేంజ్‌డ్ అని పసుపు రంగులో వస్తోంది. రన్నింగ్ కాన్ఫిగ్‌లో ఆ లైన్ కనిపించదు కాబట్టి మాడ్యూల్ మళ్లీ మళ్లీ పంపుతోంది. ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్‌నెట్‌ని 'ఇంట్ జీఐ' అని పొట్టిగా రాసినా ఇదే గోల. దీనికి శుభ్రమైన దారి ఎవరి దగ్గరైనా ఉందా?

నెట్‌కాన్ఫ్_నాని: ఐఓఎస్ ఇంటర్‌ఫేసెస్ మాడ్యూల్ వాడి, ఎనేబుల్డ్ ట్రూ అనండి. లైన్లు పోల్చడం మానేసి పోర్ట్ స్థితిని చూస్తుంది.