గంజాయి ఎవరి స్వాధీనంలో ఉన్నట్టు?

ప్రశ్న: మాదకద్రవ్యాల కేసులో వచ్చిన ఒక తీర్పును తెలుగు చేస్తున్నాను. 'గంజాయి స్వాధీనం' అని రాస్తే పోలీసులు పట్టుకున్నారనే అర్థమే వస్తోంది తప్ప, ముద్దాయి దగ్గర ఉన్నదనే అర్థం రావడం లేదు. 'కాన్షస్ పొసెషన్' అన్నదానికి 'చేతనాత్మక స్వాధీనం' అని రాసి చూపిస్తే, ఇదేదో యోగశాస్త్రంలా ఉందని ఇంట్లోవాళ్ళు నవ్వారు. తగిన మాట సూచించగలరు.

జవాబు: సంస్కృతంలో 'స్వాధీన' అంటే తనకు లోబడినది. భర్తను చెప్పుచేతల్లో ఉంచుకున్న నాయికను అలంకారికులు 'స్వాధీనపతిక' అన్నది అందుకే. తెలుగులోనూ పక్షవాతం వచ్చినవారి గురించి 'చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు' అంటాం, అమ్మకం దస్తావేజులో 'నేటి దినమే మీకు స్వాధీనపరచినాను' అని రాస్తాం. ఈ రెండు చోట్లా ఆ మాటకు ప్రాణం అదుపు. 'పోలీసులు స్వాధీనం చేసుకున్నారు' అనే పత్రికల వాడుక మాత్రం జప్తును చెబుతుంది. ఇది నిత్యం కనబడి కనబడి అసలు అర్థాన్ని వెనక్కి నెట్టేసింది. ('కబ్జా'కూ ఇదే గతి పట్టింది: తెలంగాణ పల్లెల్లో 'ఆ భూమి మా కబ్జాల ఉంది' అంటే మా అనుభవంలో ఉందని, పట్నం పత్రికలో అదే మాట ఆక్రమణ.)

మీ తీర్పుకు కావలసింది ఆ మరుగున పడిన అర్థమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాలు, మత్తు పదార్థాల చట్టం) ప్రకారం గంజాయి కలిగి ఉండటమే నేరం. అయితే సరుకు మనిషికి దగ్గరగా ఉన్నంత మాత్రాన అది అతని స్వాధీనంలో ఉన్నట్టు కాదు, దాని మీద అతనికి అదుపూ ఉండాలి, అది ఫలానా సరుకనే ఎరుకా ఉండాలి. బస్సులో నెత్తి మీది అరలో ఒక సంచి ఉంది, దాని కింది సీట్లో ఒకతను కూర్చుని నిద్రపోతున్నాడు అనుకోండి. సంచి అతనిదని టికెట్టో తాళంచెవో మరో సాక్ష్యమో చెప్పనంతవరకు, ఆ సంచి అతనికి దగ్గరగా ఉందని మాత్రమే అనగలం. అందుకని నేనైతే 'ఎరుకతో కూడిన స్వాధీనం' అంటాను. 'తెలిసి కలిగి ఉండటం' అన్నా తప్పులేదు గాని, 'కలిగి' అనడంలో అదుపు కొంత పలచబడుతుంది.

ఇక్కడ అనువాదకుడు జారిపడే చోటు ఒకటి ఉంది. సరుకు ముద్దాయి స్వాధీనంలో ఉన్నదని ప్రాసిక్యూషన్ రుజువు చేశాక, అది తన దగ్గరకు ఎలా వచ్చిందో సంతృప్తికరంగా చెప్పుకోవలసిన భారం 54వ సెక్షన్ ప్రకారం ముద్దాయి మీద పడుతుంది. 35వ సెక్షన్ అతనికి నేరబుద్ధి ఉన్నట్టే ముందుగా భావించి, లేదని నిరూపించుకునే అవకాశం అతనికి ఇస్తుంది. కారులో చరస్ (గంజాయి మొక్క నుంచి తీసే బంక) దొరికిన మదన్‌లాల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ వరుసనే వివరించింది. కాబట్టి మూలంలో 'భావించబడును' అన్నచోట 'రుజువైనది' అని రాస్తే తీర్పే మారిపోతుంది.

'గంజాయి' అనే మాటతోనూ జాగ్రత్త. చింతపల్లి, పాడేరు వైపు జనం మొక్కనంతటినీ గంజాయి అంటారు. చట్టానికి మాత్రం గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. తూకంలో ఇది తేడా తెస్తుంది, ఎందుకంటే కిలో వరకు 'స్వల్ప పరిమాణం', గరిష్ఠంగా ఏడాది శిక్ష. 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం', కనీసం పదేళ్ళు.

ప్రశ్న: చాలా సంతోషమండి. అయితే జప్తు అర్థంలో 'స్వాధీనం'కు బదులు 'సోదాలో దొరికింది' అనవచ్చా?

జవాబు: జప్తుకు 'జప్తు' అనే మంచి మాట ఉండనే ఉంది, శీర్షికకైతే 'పట్టివేత' చాలు. 'దొరికింది' అంటే ఎక్కడ దొరికిందో కూడా చెప్పాలి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయించుకునే హక్కు ఉందని 50వ సెక్షన్ కింద ముందుగా చెప్పి తీరాలి. సంచికీ పెట్టెకూ ఆ సెక్షన్ వర్తించదని 2005లో పవన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 'ముద్దాయిని సోదా చేయగా దొరికింది' అన్న వాక్యంలో ఈ తేడా మాయమైపోతుంది. పంచనామాలో 'భుజాన ఉన్న సంచి' అని ఉందో 'చొక్కా లోపలి జేబు' అని ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి.