అమావాస్యకి మేత తగ్గించమని నాకెవరు చెప్పారు?

ప్రశ్న: విడవలూరు గుంటగట్టు

మాది విడవలూరు పక్కన పల్లె. చెన్నైలో ఆరేళ్ళు ఉద్యోగం చేశా. నాయనకి మోకాళ్ళు పనిచేయకపోయేసరికి మూడేళ్ళ కిందట ఇంటికొచ్చేశా. రెండు రొయ్యల గుంటలు, కలిపి మూడెకరాలు, వన్నామీ రకం రొయ్య. అడగబోయేది రొయ్యల గురించి కాదు గానీ రొయ్యలతోనే మొదలుపెట్టాలి.

పోయిన నెల సెంటర్లో టీ తాగుతుంటే మా ఊళ్ళో ఆటో తోలే తమ్ముడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈ ఏడే ఒక గుంట కౌలుకి తీసుకున్నాడు. "అన్నా, నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. ఇంకేముంది, రెచ్చిపోయా. అమావాస్యకీ పౌర్ణమికీ రెండ్రోజుల ముందు నుంచి మేత సగం చేసెయ్, అప్పుడు మౌల్టింగ్ అవుద్ది, పెంకు వదిలే రొయ్య మేత ముట్టదు అని చెప్పా. అంతా విని, "నువ్వు చూశావా అన్నా?" అన్నాడు. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.

నేను చూళ్ళేదు. నాకు చెప్పింది మేత షాపాయన. ఆయనకి చెప్పింది కంపెనీ టెక్నీషియన్. ఆ టెక్నీషియన్‌కి ఎవరు చెప్పారో దేవుడికి తెలియాలి. మూడేళ్ళుగా ప్రతి అమావాస్యకీ మేత తగ్గిస్తున్నా. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే చెక్ ట్రే పైకి లాగితే ఖాళీగా ఉంటుంది, "చూశావా, కరెక్టే" అనుకుంటా. ముందే సగం తగ్గిస్తే మిగలడానికి ఏముంటుంది? ఈ మాత్రం ఆలోచన నాకు మూడేళ్ళలో రాలేదు. ఇంజినీరింగ్ చదివినోణ్ణి.

ఆ రాత్రి షెడ్డులో పడుకుని, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల మోత వింటూ, పొద్దుట్నుంచి నేనన్న మాటలు ఒక్కోటీ గుర్తుచేసుకున్నా. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదన్నా (నాకు పదిహేనేళ్ళప్పుడు ఇదే మాట నన్ను అన్నారు). రాజకీయాల మీద ఒకటన్నా, అది అంతకుముందు రోజు ఫోన్లో చూసిన వీడియోలోదే, ఒక్క పదం కూడా మార్చలేదు. పక్కూళ్ళో ఒకాయన పంట పోయిందంటే "సీడు దగ్గర కక్కుర్తి పడుంటాడు" అన్నా. ఆయన సీడు, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లల్ని, ఎక్కడ తెచ్చాడో కూడా నాకు తెలీదు.

మొత్తం మీద నాదని చెప్పుకోగలిగింది ఒక్కటే దొరికింది. చేపల పులుసు చేసిన రోజుకన్నా మర్నాడు బాగుంటుంది. ఇదీ నెల్లూరంతా అనే మాటే. కానీ అమ్మ రాత్రి మామిడికాయ ముక్కలేసి చేసిన పులుసు రాత్రీ తిన్నా, పొద్దున సద్దన్నంలోకీ తిన్నా, చిన్నప్పట్నుంచీ. దీనికి మాత్రం నా నాలుకే సాక్ష్యం.

నాయనతో చెప్తే నవ్వాడు. "పెద్దోళ్ళు ఊరికే చెప్తారా? ప్రతిదీ చూసి నమ్ముతానంటే నీకు రెండు జన్మలు చాలవు" అన్నాడు. అదీ నిజమే అనిపిస్తుంది. మరి మీరంతా ఎట్లా తేల్చుకుంటారు? ఏ మాట అట్లే నమ్మొచ్చు, ఏది మనం చూసుకోవాల?

జవాబు: ముత్తుకూరు పాతకాపు

తమ్ముడూ, నేను వన్నామీ రాకముందు టైగర్ రొయ్య పెంచిన కాలం నుంచీ ఈ గుంటల్లో ఉన్నా. ముందు నీ అమావాస్య సంగతి. చిన్న రొయ్య కొద్ది రోజులకోసారి పెంకు వదుల్తుంది, దానికి అమావాస్య దాకా ఆగే తీరికెక్కడ? పెరిగే కొద్దీ ఎడం ఎక్కువవుతుంది, అప్పుడు చాలా రొయ్యలు ఒకేసారి వదలడం కనపడుతుంది. పెద్ద వాన పడి నీళ్ళ ఉప్పదనం మారినా వదుల్తాయి. కాబట్టి షాపాయన చెప్పింది వట్టిదని అనుకోవద్దు, అన్ని రోజులకీ అన్ని సైజులకీ అదే లెక్క అనుకోవద్దు. మేత ఖర్చే మన పెట్టుబడిలో సగం పైన. ఊరికే సగం కోస్తే ఎదుగుదల పోతుంది, ఊరికే పోస్తే అడుగున కుళ్ళి అమ్మోనియా లేస్తుంది. ఒక అమావాస్యకి తగ్గించకుండా రోజూ వేసేదే వెయ్యి. రెండు గంటల తర్వాత ట్రే లాగి చూడు, రాసుకో.

ఇక నీ పెద్ద ప్రశ్న. నేను రెండు రకాలుగానూ మునిగినోణ్ణి.

మొదటిసారి అందరి మాటా విని మునిగా. 1990ల మొదట్లో మా వైపు ఎవరి నోట విన్నా టైగరే. వరి చేలు తవ్వి గుంటలు చేశారు. బంగారం అన్నారు, నేనూ అన్నా. 1994, 95ల్లో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. తల మీద తెల్ల చుక్కలు కనపడ్డాక వారం తిరక్కుండా గుంట ఖాళీ. గట్ల మీద కాకులు, కొంగలు. ఒకరి గుంట నీళ్ళు కాలవలోకి వదిలితే అవే నీళ్ళు ఇంకొకరు తోడుకున్నారు. వద్దని చెప్పేవాళ్ళు లేరు, నేనూ చెప్పలేదు.

రెండోసారి నా సొంత తెలివితో మునిగా. 2009లో వన్నామీకి అనుమతి వచ్చాక, కొన్నేళ్ళకి నేనూ మళ్ళీ దిగా. ఈసారి ఎవడి మాటా వినను, నా కన్నే నాకు గురువు అనుకున్నా. హేచరీ సీడు అరచేతిలో పోసుకుని చూస్తే చురుగ్గా ఎదురీదుతున్నాయి. సీడులో వైరస్ ఉందేమో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించమని మావాడు మొత్తుకున్నాడు. "ఇరవై ఏళ్ళ అనుభవం ముందు మిషనెంత" అన్నా. వైరస్ కంటికి కనపడదబ్బా. నలభై రోజులకి గుంట ఖాళీ అయింది. అదే బ్యాచి సీడు పరీక్షకి పంపితే పాజిటివ్ అని వచ్చిందని, తను వెనక్కిచ్చేశానని తర్వాత ఇంకో రైతు చెప్పాడు.

నా కన్ను ఎక్కడిదాకా పనిచేస్తుందో ఆ ఏడాదే తెలిసింది. చెక్ ట్రేకి నా కన్ను చాలు. వైరస్‌కి చాలదు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పడానికీ చాలదు. నీళ్ళు పచ్చగా ఉంటే ఆరోగ్యం అని మా కాలంలో అనేవాళ్ళు. పగలు ఆ పచ్చదనమే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే తాగేస్తుంది, నాలుగింటికి అడుగంటుతుంది. ఇప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు నా పక్కనే పెట్టుకుని పడుకుంటా.

జవాబు: కనిగిరి ఆశా

పెద్దన్న రాసింది చదివాక నాక్కూడా చెప్పాలనిపించింది. నేను ఆశా కార్యకర్తని. ఇల్లిల్లూ తిరుగుతూ ఏళ్ళ తరబడి చెప్పిన మాట "నీళ్ళు కాచి చల్లార్చి తాగండి". ట్రైనింగులో చెప్పారు, పోస్టర్ల మీద రాశారు. విరేచనాలు, కామెర్లు రాకుండా ఉండాలంటే అది ఖాయంగా మంచి మాటే.

ఒకరోజు ఒక ముసలవ్వ ఇంట్లో అదే చెప్పా. ఆమె మనవడికి గార పళ్ళు, ఆమెకి నడుము వంగదు, మోకాలు ముడవదు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. ఆ అవ్వ "కాస్తూనే ఉండానమ్మా, నువ్వు చెప్పినకాణ్ణుంచీ. పళ్ళెందుకు బాగుపడలా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి మా పిల్లాడి కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. కాస్తే ఆవిరయ్యేది నీళ్ళే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. అంటే ఇంకా చిక్కబడుతుంది! తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఆ అవ్వ బోరులో ఎంతుందో ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు.

మంచి మాటే, తప్పు ఇంట్లో చెప్పా. ఎవరో ఎక్కడి జబ్బుకో చెప్పిన మందు నేను మోసుకెళ్ళి అందరికీ పంచా. ఇప్పుడు ముందు అడిగేది "ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని. బోరయితే శాంపిల్ సీసాలో పట్టి పరీక్షకి ఇస్తా. తాగడానికీ వంటకీ వేరే నీళ్ళు తెచ్చుకోమంటా. తెచ్చుకున్న నీళ్ళు కాచుకోమనీ చెప్తా, అది మానలేదు. మా పైవాళ్ళలో ఒకరు "చెప్పమన్నది చెప్పు చాలు" అని విసుక్కున్నారు. సరేనండీ అని వచ్చేశా. శాంపిల్ సీసాలు మాత్రం సంచిలోనే ఉంటాయి.

జవాబు: అల్లూరు అల్లుడు

అంతా బాగుంది గానీ తమ్ముడూ, మర్నాటి పులుసు విషయంలో నువ్వూ ఊరి మాటే మోస్తున్నావు. బొమ్మిడాయిలు వేడి వేడిగా తినాల. పరీక్ష మా అత్తగారింట్లో పదేళ్ళుగా నడుస్తోంది.

జవాబు: కావలి రిటైర్డ్ పంతులు

గుంటగట్టు బాబూ, మీ ప్రశ్న నన్ను 1992కి తీసుకెళ్ళింది. అప్పుడు నేను కుర్ర టీచర్ని. అక్షరాస్యత ఉద్యమంలో సాయంత్రాలు లాంతరు పెట్టి ఆడవాళ్ళకి చదువు చెప్పేవాణ్ణి. మా పల్లెలో మగవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఒళ్ళొంచి పనిచేసినోడికి సారా పడకపోతే నిద్ర పట్టదు." ఆడవాళ్ళు కూడా అదే అనేవాళ్ళు, మొగుళ్ళని వెనకేసుకొస్తూ. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకునేవాణ్ణి.

వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉండేది. ఆ పాఠం మేం చదివిస్తే వాళ్ళు చదివారు. చిలక పలుకులే. ఆ వారమే తీసివేతలు నేర్పుతున్నా. కూలికెళ్ళే ఒకామె పలక మీద మొగుడి కూలి పైన వేసి, కింద సారా పాకెట్ల డబ్బు వేసి, తీసేసింది. మిగిలింది చూసి పలక పక్కామెకిచ్చింది. ఆమె తన ఇంటి అంకెలు వేసింది. ఆ రాత్రి పాఠం ముందుకు సాగలేదు. ఒకామె మాత్రం "నిద్ర వాడికి పడతా ఉంది, నాకు పడతా ఉందా?" అంది. అప్పటిదాకా ఆ మాట ఎవరి నోటా వినలేదు నేను.

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి అడ్డం తిరిగిన సంగతి మీకు తెలుసు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. సారా ఆపేస్తే ఖజానా ఏమవుతుందని పెద్ద పెద్దవాళ్ళే అన్న రోజులవి.

ఒకటి గమనించండి. ఆ పాఠం వాళ్ళది కాదు. ఎవరో రాసి, అచ్చేసి, నా చేతికిచ్చారు. దాన్ని పలక మీద సొంత ఇంటి లెక్కతో చూసుకున్నాక అది వాళ్ళదైంది. మరి మీ నాయనగారు రెండు జన్మలు చాలవన్నారే, ఆ ప్రశ్నకి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినా నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. నా మాట విని ఇంకొకరు డబ్బు పెడతారన్నా, మందు మింగుతారన్నా, ఒకరి పరువు పోతుందన్నా అప్పుడు ఆగి చూసుకుంటాను. మిగతావి ఊరితోపాటే పోనిస్తాను. ఆ పక్క ఊరి రైతు సీడు మాట మాత్రం మీరు వెనక్కి తీసుకోవాలి బాబూ. పులుసు సంగతి మీరూ అల్లుడుగారూ తేల్చుకోండి.

మళ్ళీ విడవలూరు గుంటగట్టు

అందరికీ దండాలు. మొన్న అమావాస్యకి పాతకాపన్న చెప్పినట్టే చేశా. రెండు గుంటల్లోనూ మేత తగ్గించలేదు. పెద్ద సైజు ఉన్న గుంటలో నాలుగు ట్రేల్లో మూడింట్లో మేత మిగిలింది, వెంటనే తగ్గించా. నలభై రోజుల పిల్ల ఉన్న రెండో గుంటలో ఒక్క గింజ మిగల్లేదు. అంటే మూడేళ్ళుగా చిన్న రొయ్యల్ని ఊరికే పస్తులు పెట్టా. ఆ తర్వాత రెండ్రోజులు ముసురు పట్టింది, అప్పుడు మాత్రం రెండు గుంటల్లోనూ మిగిలింది. ఒక్క నెల లెక్కే కాబట్టి ఇంకా ఏమీ అనను.

మాస్టారూ, పంట పోయిన ఆయన్ని కలిశా. సీడు మేము తెచ్చే చోటే తెచ్చాడంట. నేనన్న మాట ఆయన దాకా అప్పటికే చేరింది. టీ ఇప్పించాడు గానీ సరిగ్గా మాట్లాడలేదు.

ఆటో తమ్ముడికి నోట్‌బుక్ చూపించి, "మొన్న నేను చెప్పింది నేను చూసింది కాదబ్బా, ఇదుగో ఇది చూసింది" అన్నా. పేజీలన్నీ తిప్పాడు. "బాగుందన్నా. కానీ ఇది నీ గుంటలో కదా, నా గుంటలో నీళ్ళు వేరు" అన్నాడు. ఏమనాలో తోచలేదు. వాడు ఆటో సీటు కింద నుంచి ఒక నోట్‌బుక్ తీశాడు, పిల్లల లెక్కల పుస్తకం. వెనక పేజీల్లో పెన్సిల్‌తో ఇరవై రోజుల ట్రే లెక్క ఉంది.