యోగాభ్యాసం చేసేటప్పుడు మనసుకు తోచినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

నల్లకుంట వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా తెల్లవారుజామున ఇందిరా పార్కులో నలుగురితో కలిసి ఆసనాలు, ప్రాణాయామం చేస్తున్నాను. చివర్లో శవాసనంలో ఉన్నప్పుడు, నేను ఆలోచించకుండానే ఏదో ఒక విషయం తేటగా తోస్తూ ఉంటుంది. ఫలానా వారితో మాట్లాడాలనో, ఫలానా పని ఒప్పుకోకూడదనో అనిపిస్తుంది. అలా తోచినవి చాలావరకు సరిగానే ఉన్నాయి. ప్రస్తుతం నగర శివారులో, ఒక చెరువుకు దగ్గరగా ఫ్లాట్ చూశాము. మావారికీ, మా అత్తగారికీ బాగా నచ్చింది. ధర కూడా మాకు అందేదే. నాకు మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా కడుపులో ముడిపడినట్లు అవుతోంది. ఇది అభ్యాసం వల్ల కలిగిన స్ఫురణా, లేక అప్పు భయమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అడ్వాన్సు త్వరగా ఇవ్వాలని అమ్మేవారు తొందరపెడుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

యోగా టీచర్, కూకట్‌పల్లి:

అమ్మా, దీనికి జవాబును శవాసనంలో కంటే ముందు ఆసనాల్లో వెతకాలని నా అభిప్రాయం. పశ్చిమోత్తానాసనంలో ముందుకు వంగినప్పుడు తొడ వెనుక కండరం మధ్యభాగంలో కలిగే లాగుడు వేరు, అదే కండరం పిరుదు కింద ఎముకకు అతుక్కునే చోట కలిగే నొప్పి వేరు. మొదటిదానిలో కాసేపు ఉండవచ్చు. రెండోది తెలిసిన వెంటనే వెనక్కి రావాలి. పద్మాసనంలో మోకాలి దగ్గర పోటు వచ్చినా అంతే, ఎందుకంటే తుంటి కీలు తగినంత తిరగనప్పుడు ఆ మెలిక భారం మోకాలి మీద పడుతుంది. కొత్తగా చేరినవారికి ఈ తేడా మాటల్లో చెప్పినా అందదు. నాలుగైదు నెలలు శ్రద్ధగా చేసినవారు మాత్రం నేను చెప్పకముందే సరైన చోట ఆగుతారు, ఎందుకు ఆగారని అడిగితే చెప్పలేరు. హద్దు మీరి వంగితే మర్నాడు ఉదయమే శరీరం ఆ సంగతి తెలియజేస్తుంది. రోజూ ఇలా సరిచూసుకునే వీలుంది కాబట్టే ఆ తెలివిడి నమ్మదగినదవుతుంది.

కడుపులోని ముడి విషయానికి వస్తే, నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి పీల్చి వదిలే ప్రాణాయామం) తరువాత, ఊపిరి వదిలే సమయాన్ని పీల్చే సమయం కంటే కొంచెం పొడిగించి కూర్చోండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది. అలా నెమ్మదించిన స్థితిలో ఫ్లాట్ విషయాన్ని మీరే మనసులోకి తెచ్చుకుని, ముడి ఏ అంశం దగ్గర బిగుస్తోందో గమనించండి. నెలవారీ వాయిదా దగ్గరా, నల్లకుంట వదిలి వెళ్లడం దగ్గరా, అమ్మేవారి తొందర దగ్గరా? వీటిలో ఒక్కొక్కదానికి పరిష్కారం ఒక్కోలా ఉంటుంది.

యోగసూత్రాల విద్యార్థి, సికింద్రాబాద్:

టీచర్ గారు చెప్పినదానికి శాస్త్రం వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. పతంజలి యోగసూత్రాల మొదటి భాగమైన సమాధిపాదంలో ప్రమాణం (సరైన జ్ఞానం), విపర్యయం (తప్పుడు జ్ఞానం), వికల్పం (మాటల్లో మాత్రమే ఉండే ఊహ), నిద్ర, స్మృతి (జ్ఞాపకం) అని చిత్తవృత్తులను, అంటే మనసు పోకడలను, ఐదుగా చెప్పి, ఆ వెంటనే ప్రమాణాలు మూడేనన్నాడు: ప్రత్యక్షం (స్వయంగా చూసి తెలుసుకున్నది), అనుమానం (ఆధారాన్ని బట్టి ఊహించినది), ఆగమం (నమ్మదగినవారు చెప్పినది). ఊరికే తోచినదానికి అక్కడ స్థానం లేదు. మూడో భాగమైన విభూతిపాదంలో ‘ప్రాతిభాద్వా సర్వమ్’ (స్ఫురణ వల్ల కూడా అన్నీ తెలుస్తాయి) అన్న సూత్రం ఉన్న మాట నిజమే, కానీ అది ధారణ, ధ్యానం, సమాధి మూడూ ఒకే విషయంపై కుదిరిన సంయమం గురించి చెబుతున్న సందర్భం. పైగా కొద్ది సూత్రాల తరువాత, ఇటువంటి సిద్ధులు సమాధికి ఆటంకాలేనని ఆయనే హెచ్చరించాడు. మనవంటి అభ్యాసకులకు ఉదయం తోచేది పాత స్మృతి కావచ్చు, విపర్యయమూ కావచ్చు. చిత్తవిక్షేపాలకు, అంటే మనసును చెదరగొట్టే ఆటంకాలకు, తోడుగా ఉండేవాటిలో దుఃఖం, మనసు కుంగడం, అవయవాల వణుకుతో పాటు శ్వాస గతి తప్పడాన్ని కూడా పతంజలి చేర్చాడు. అందువల్ల ఏదైనా తోచినప్పుడు మీ శ్వాస ఎలా ఉందో ముందు చూసుకోవడం మంచిది.

మనస్తత్వశాస్త్రం బోధించే వ్యక్తి, గచ్చిబౌలి:

డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఈ విషయంలో మొదట భిన్నాభిప్రాయాలు ఉన్నవారు. వారు కలిసి 2009లో ప్రచురించిన వ్యాసంలో, అంతఃస్ఫురణ నమ్మదగినది కావాలంటే రెండు షరతులు చెప్పారు. ఆ రంగంలో జరిగేవాటికి ఒక స్థిరమైన క్రమం ఉండాలి. ఆ క్రమాన్ని నేర్చుకోవడానికి మనకు తగినంత అభ్యాసం, ఎప్పటికప్పుడు ఫలితం తెలిసే అవకాశం ఉండాలి. అగ్నిమాపక దళాల నాయకులు క్షణాల్లో తీసుకునే నిర్ణయాలను క్లైన్ ఎంతో కాలం పరిశీలించారు. వారికి ఆ అభ్యాసం ఉంటుంది, ఆసనంలో మోకాలి విషయంలో మీకూ ఉంటుంది. ఫ్లాట్ కొనడం మాత్రం సామాన్యులకు జీవితంలో ఒకటి రెండుసార్లు జరిగే పని కాబట్టి, అక్కడ ఆ శిక్షణ కలిగే అవకాశమే లేదు.

కాబట్టి మీ ముడిని తీర్పుగా తీసుకోకుండా, ప్రశ్నగా తీసుకోండి. చెరువు దగ్గర అన్నారు కదా, ఆ స్థలం ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలోకి గానీ, దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ జోన్‌లోకి గానీ వస్తుందేమో తెలుసుకోవాలి. 2024లో హైడ్రా (హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ) ఏర్పడిన తరువాత చెరువుల పరిధిలోని కట్టడాలను కూల్చడం మనమందరం చూశాము. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇదివరకు చేతులు మారిన దస్తావేజులు), రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, నిర్మాణ అనుమతి లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. వీటిని ఎంత ధ్యానం చేసినా శరీరం చెప్పలేదు.

మరొక మాట. ఫ్లాట్ ప్రస్తావన లేనప్పుడు కూడా గుండెదడ, నిద్రలేమి ఉంటే డాక్టరును కలిసి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. తోచినవి చాలావరకు నిజమయ్యాయన్నారు. నిజం కానివాటిని మనసు సులభంగా మరచిపోతుంది. ఇకనుంచి తోచిన రోజునే, ఫలితం తెలియకముందే, తేదీతో సహా రాసి పెట్టుకోండి.

నల్లకుంట వాసి:

అందరికీ ధన్యవాదాలు. టీచర్ గారు చెప్పినట్లే కూర్చుని చూశాను. వాయిదాల గురించి అనుకున్నప్పుడు పెద్దగా ఏమీ లేదు; లింకు డాక్యుమెంట్లు అడిగిన ప్రతిసారీ అమ్మేవారు మాట దాటవేయడం గుర్తుకు రాగానే ముడి బిగిసింది. కాగితాలు లాయరు చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకూడదని మావారు కూడా ఒప్పుకున్నారు. ఒక సందేహం మిగిలింది: శవాసనంలో తోచినదాన్ని మరచిపోకుండా అప్పుడే లేచి రాసుకోవాలా?

యోగా టీచర్, కూకట్‌పల్లి:

వద్దమ్మా. రాసుకోవాలన్న ధ్యాస ఉంటే శవాసనం కుదరదు, మనసు తోచేవాటి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. పూర్తిచేసి, కుడి వైపుకు ఒత్తిగిలి నెమ్మదిగా లేచి కూర్చున్న తరువాత గుర్తున్నంత వరకే రాయండి.