మధ్యయుగపు నేల టైల్స్: దొరికిన చోటే ఉంచాలా, ఊడదీసి మ్యూజియానికి చేర్చాలా?

మట్టిబొమ్మ: ఇంగ్లండ్ సోమర్సెట్‌లోని క్లీవ్ మఠం చూసొచ్చాను. 13వ శతాబ్దపు భోజనశాల నేల, పరిచిన చోటే ఉంది. 1876లో మట్టి తీస్తే బయటపడిందట. టైల్స్ మీద మూడు సింహాలు, రెండు తలల గద్ద, క్లేర్ వంశపు చిహ్నం. కార్న్‌వాల్ ప్రభువు ఎడ్మండ్‌కీ మార్గరెట్ డి క్లేర్‌కీ 1272లో జరిగిన పెళ్లికి గుర్తంటారు. శుభలేఖ తీసుకెళ్లి నేలంతా పరిచినట్టుంది! ఊడదీయకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం.

పాతగచ్చు: నేనొప్పుకోనండీ. ఆ టైలు ఎలా చేశారో చూడండి. పచ్చి ఎర్రమట్టి పలక మీద చెక్క అచ్చు నొక్కి, పడిన గుంటలో తెల్లమట్టి నింపి, పైన సీసం గ్లేజు (గాజులాంటి పూత) పూసి కాల్చారు. ఆ తెల్లమట్టి పల్చటి పొర. నీళ్లు ఇంకి, చలికి గడ్డకట్టి ఉబ్బితే ముందు గ్లేజు పెచ్చులూడుతుంది, వెనకే బొమ్మ పోతుంది. చివరికి మిగిలేది ఉత్త ఎర్ర పెంకు.

మట్టిబొమ్మ: అందుకేగా పైన కప్పు వేశారు? ముందు వేసవిలో టెంట్ ఉండేది, 2016 నుంచి పక్కా షెడ్డే ఉంది.

రచ్చబండ: అన్నిచోట్లా షెడ్డు వేయలేం కదా. సర్రేలో చెర్ట్‌సీ మఠాన్ని ఎప్పుడో పడగొట్టేశారు. 1850ల్లో తవ్వితే దొరికినవి ముక్కలే. వాటిని జోడిస్తే వచ్చిన బొమ్మలో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ గుర్రం మీద నుంచి ఈటెతో తన శత్రువు సుల్తాన్ సలాదీన్‌ను పొడుస్తున్నాడు (నిజానికి వాళ్లిద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు, అది వేరే కథ). బ్రిటిష్ మ్యూజియంలో కాకపోతే వాటిని ఎక్కడ పెట్టాలి?

మట్టిబొమ్మ: ముక్కల సంగతి ఒప్పుకుంటాను. నా గొడవల్లా చెదరని నేల గురించే. గోడకు ఎత్తి పెడితే అది బొమ్మవుతుంది గానీ నేల కాదు. ఎక్కడ ఎక్కువ నడిచారో, ఏ మూల ఎవరూ కాలు పెట్టలేదో అరుగుదలే చెబుతుంది. విడివిడి టైల్స్ చూస్తే ఆ దారి కనపడదు.

పాతగచ్చు: లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చాప్టర్ హౌస్ (సన్యాసుల సమావేశ మందిరం) నేల 1250లది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఎందుకు మిగిలిందంటారు? ఆ గదిని ప్రభుత్వ దస్తావేజులు దాచడానికి వాడినన్నాళ్లూ పైన చెక్క నేల ఉంది కాబట్టి. అంటే కాపాడింది చోటు కాదు, మూత. కాబట్టి కొలతలు, ఫొటోలు తీసుకుని మళ్లీ మట్టి కప్పేయడమే నా ఓటు.

రచ్చబండ: కప్పేస్తే షెడ్డు ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ పూడ్చిన నేల చూడ్డానికి టికెట్ ఎవరు కొంటారు సార్?