లేటెక్స్ మాస్కు మీద రంగు: పైన వేయాలా, పాలలోనే కలపాలా?

నాటకాల_బృందం:
పరిషత్తు నాటకాలకు రాక్షస పాత్రల మాస్కులు లేటెక్స్‌తో, అంటే రబ్బరు పాలతో చేస్తుంటాం. యాక్రిలిక్‌తో వేసిన నుదుటి గీతలు, దవడ మీది చారలు కొన్ని ప్రదర్శనలకే పగిలి పెచ్చులూడుతున్నాయి. రంగును రబ్బరు పాలలోనే కలిపి పూయమని ఒకరు, పర్మనెంట్ మార్కర్‌తో గీసెయ్యమని ఇంకొకరు చెప్తున్నారు. నటుడు ఎంత నోరు తెరిచి అరిచినా డిజైన్ చెదరకూడదు. మీరేమంటారు?

అచ్చుపని:
పాలలో కలపండి, నాకు సందేహమే లేదు. లేటెక్స్ తన పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది, మామూలు యాక్రిలిక్ పొర అంత సాగలేదు. అందుకే ఎక్కువగా కదిలే దవడ దగ్గరే ముందు పగులుతుంది. రంగు కలిపిన లేటెక్స్ అయితే అడుగునా పైనా ఒకటే పదార్థం, కలిసే సాగుతుంది.

నీళ్లలో కలిసే పిగ్మెంట్ పేస్టే వాడాలి. ఆమ్ల గుణం ఉన్నదేదైనా పడితే పాలు విరిగిపోతాయి. రబ్బరు తోటల్లో షీట్ల కోసం ఫార్మిక్ ఆసిడ్ పోసి పాలను గడ్డకట్టించేది ఇలాగే. మనం కొనే డబ్బాలో అవి గడ్డకట్టకుండా ఉండేది అమ్మోనియా వల్ల. ఇంకోటి, తడిమీద రంగు పాలిపోయినట్టు ఉండి, ఆరాక ముదురుతుంది. చిన్న ముక్క మీద పూసి, ఆరాక చూసుకుని మొదలుపెట్టండి.

సన్నగీత:
ఒప్పుకోను. పెద్ద మచ్చలకూ చారలకూ సరే, కనుబొమల వెంట్రుకలు ఎలా గీస్తారు? రంగు కలిపిన పాలు కుంచె మీదే గడ్డకట్టి తీగలు సాగుతాయి. కుంచెను ముందుగా సబ్బునీళ్లలో ముంచినా కాసేపే. పైగా తప్పు గీస్తే తుడవలేం. ప్రోస్-ఎయిడ్ అనే మేకప్ జిగురులో యాక్రిలిక్ కలిపితే వచ్చే 'పాక్స్' రంగును సినిమా మేకప్ వాళ్లు దశాబ్దాలుగా రబ్బరు మీద వాడుతున్నారు. అది సాగుతుంది, సన్నగీతా వస్తుంది. ఆరాక కూడా జిగటగా ఉంటుంది కాబట్టి పౌడర్ అద్దాలి.

మార్కర్ జోలికి మాత్రం పోవద్దు. అందులోది కరిగిన డై. రబ్బరులోకి ఇంకి పక్కలకు పాకుతుంది, గీత అంచు నిలవదు.

అచ్చుపని:
కనుబొమలకు పాక్స్ సరే. కానీ దవడ దగ్గర చెమట, రాపిడి రెండూ ఉంటాయి. పైపూత ఏదైనా అక్కడ ముందు అరిగిపోతుంది. అక్కడ నా మాట మారదు.

ఎవరూ అడగలేదు గానీ, మాస్కులు పాడయ్యేది ఎక్కువగా ఈ రెండింటి వల్లే కాబట్టి చెప్తున్నా. మెరుపు కోసం పూసే బంగారు రంగు పొడి చాలావరకు ఇత్తడి, కంచు పొడే. అందులోని రాగి రబ్బరుకు విషం, కొన్నాళ్లకు జిగురుగా మారి చీలిపోతుంది. అభ్రకంతో చేసిన మెరుపు పొడి వాడండి. రెండోది కొబ్బరి నూనె. నాటకం అయ్యాక మేకప్ తీసిన అదే చేత్తో మాస్కు పట్టుకుంటారు. నూనె తగిలిన చోట లేటెక్స్ ఉబ్బి మెత్తబడుతుంది, దాని మీద ఏ డిజైనూ నిలవదు.

నాటకాల_బృందం:
మరి పగిలిన పాత మాస్కుల మీదే రంగు పాలు పూయొచ్చా?

సన్నగీత:
పెచ్చుల మీద పూస్తే పెచ్చుతో పాటే ఊడొస్తుంది. వదులుగా ఉన్నదంతా గీకి, సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పూత పల్చగా వేసి, ఒకటి ఆరాకే ఇంకొకటి. రబ్బరే జిగురు పట్టి ఉంటే మాత్రం ఆ మాస్కు పక్కన పెట్టి కొత్తది పోయండి.