ఆరు కుటుంబాలం క్యాంపింగ్‌కి వెళ్తున్నాం, జియోకాషింగ్ కూడా కలుపుకోవచ్చా?

బోథెల్‌వాన (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేం సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. జులైలో ఆరు కుటుంబాలం కలిసి రెండు రాత్రులు క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. ఆరెగన్‌లో ఎస్టకేడా దగ్గర మైలో మెకైవర్ స్టేట్ పార్కులో చోటు దొరికింది. పిల్లలు తొమ్మిదిమంది, ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు నలుగురు.

పోయినేడు వేరేచోటికి వెళ్లాం. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులావు, సాయంత్రం పకోడీలు అంటూ ఆడవాళ్లం స్టవ్ దగ్గరనుంచి కదల్లేదు. మగవాళ్లు పేకాట. పిల్లలు టెంటుల్లో ఫోన్లు. అంత దూరం వెళ్లి ఇంట్లో చేసేదే చేసి వచ్చామని నాకు చాలా బాధేసింది. ఈసారి అలా కాకూడదు.

ఆఫీసులో ఒకాయన జియోకాషింగ్ గురించి చెప్పారు. ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్‌తో వెతకడమని అర్థమైంది. కొత్తవాళ్లం చేయగలమా? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా కలవగలరా? ఇంకోటి, ఈవెంట్లు కూడా ఉంటాయన్నారు. మా కలయికనే ఈవెంట్‌గా పెట్టుకోవచ్చా?

రెడ్మండ్‌రైడర్:

చేయగలరండీ. జియోకాషింగ్ యాప్ దించుకుని ఉచిత ఖాతా తెరవండి. ప్రతి డబ్బాకీ రెండు అంకెలుంటాయి. ఒకటి వెతకడం ఎంత కష్టమో, రెండోది దారి ఎంత కష్టమో, ఒకటి నుంచి ఐదు దాకా. మీరు రెండూ రెండులోపు ఉన్నవి చూసుకోండి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం కాబట్టి కొన్ని దారుల్లో వరసగా ఉంటాయి. అలాంటి దారి పట్టుకుంటే రోజుకి ఇరవై కొట్టొచ్చు. పిల్లలకి లెక్క పెరుగుతుంటే హుషారు.

లక్కబొంగరం:

బోథెల్ అక్కా, నేను పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా పిల్లలతో ఇదే పని. మీరు చూసి ఎంచుకున్నారో అనుకోకుండా దొరికిందో గానీ, ఈ ఆట పుట్టిన చోటికి కారులో పావుగంట దూరంలో దిగుతున్నారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పుని ఆపేసింది. అంతకుముందు మామూలు జనం చేతిలోని రిసీవర్ వంద మీటర్ల దాకా పక్కకి చూపించేది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ ఊరి దగ్గర రోడ్డు పక్కన చెట్ల మధ్య ఒక బకెట్ పెట్టి, ఆ చోటు అంకెల్ని, అంటే అక్షాంశం, రేఖాంశం, ఇంటర్నెట్‌లో రాశారు. బకెట్‌లో పుస్తకాలు, డబ్బు, ఒక వడిసెల, ఒక బీన్స్ డబ్బా. ఇప్పుడక్కడ నేలమీద ఒక ఫలకం ఉంది. చూడ్డానికి చిన్నదే. కానీ మా అబ్బాయి దాని ముందు కూర్చుని "అమ్మా, ఇక్కడేనా మొదలైంది?" అని నాలుగుసార్లు అడిగాడు.

మీ పిల్లలకి ఆ అంకెలు కాగితం మీద రాసివ్వండి: ఉత్తరం 45° 17.460, పశ్చిమం 122° 24.800. ఫోన్‌లో వాళ్లనే టైపు చేయనివ్వండి. మావాడు పశ్చిమం అని పెట్టడం మరిచిపోతే తెర మీద చైనా వచ్చింది. ఎందుకలా అయిందని భూమి బంతి తెచ్చి చూసుకున్నాక, అక్షాంశాలూ రేఖాంశాలూ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. అక్షాంశంలో ఆఖరి అంకె ఒకటి మారితే నేలమీద దాదాపు రెండు మీటర్ల తేడా. ఇది తెలిస్తే పిల్లలు అంకెని జాగ్రత్తగా చూస్తారు.

రెడ్మండ్ గారూ, మీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. ఇరవై వద్దు. మొదటిసారి మేం పదిహేను పెట్టుకున్నాం. ఏడోదానికల్లా చిన్నపిల్ల ఏడుపు, పెద్దాడికి విసుగు, మా ఆయన గడియారం చూసుకోవడం. క్యాంపుకి తిరిగొచ్చేసరికి చీకటి, అన్నం వండలేదు, కట్టెలు అంటుకోవు. ఆ రాత్రి అందరం బిస్కెట్లు తిని మాట్లాడుకోకుండా పడుకున్నాం. ఆ తర్వాత నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతే. ఒక్క డబ్బా కోసం గంటసేపు వెతికితే పిల్లలు చెట్టు బెరడు చూస్తారు, నాచు కింద చెయ్యి పెడతారు, నత్తని కనిపెడతారు. లెక్క కోసం పరిగెడితే డబ్బా మూత తప్ప ఇంకేం కనపడదు.

ఇంకొకటి. ఇక్కడి డగ్లస్ ఫర్ చెట్ల కింద ఫోన్ బాణం అటూ ఇటూ ఊగుతుంది, పది మీటర్లు తప్పు చూపించడం మామూలే. దగ్గరికొచ్చాక ఫోన్ జేబులో పెట్టించండి. "నువ్వైతే ఎక్కడ దాస్తావు?" అని అడగండి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, మేం నలుగురం ఫోన్లు చూసుకుంటుంటే, అది పడిపోయిన దుంగ చివర మూడు కర్రలు వరసగా పేర్చి ఉన్నాయని చూపించింది. చెట్టు నుంచి కర్రలు అలా పడవు కదా.

పెద్దవాళ్ల సంగతి. మా అమ్మది యలమంచిలి. మొదటిసారి మాతో వచ్చినప్పుడు "లంకెబిందెలు తవ్వుతున్నారేంటే?" అంది. చోటు వాళ్ల అనుమతి లేకుండా నేల తవ్వకూడదన్నది ఈ ఆటలో నియమమని చెప్పాను. డబ్బాలో ఏముందో చూసింది: ప్లాస్టిక్ బల్లి, గోళీ, ఒక తాళంచెవి గొలుసు. ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో ఇంకా మంచిదో పెట్టాలని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. మరుసటేడు వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఏటికొప్పాక లక్క బొంగరాలు రెండు డజన్లు తెచ్చింది, బొటనవేలంత చిన్నవి. వాళ్లూరి పక్కనే కదా, అంకుడు కర్రతో చేసేవాళ్ల దగ్గరికి తనే వెళ్లి కొందట. ఇప్పుడు మేం వెళ్లిన ప్రతి పెద్ద డబ్బాలో ఒక బొంగరం పెడతాం. నా పేరు ఇక్కడ అందుకే ఇది.

నాన్నకి నడక తక్కువ. ఆయన్ని దారి మొదట్లో బల్ల మీద కూర్చోబెట్టి, డబ్బా దొరికాక అందులో ఉండే, దొరికినవాళ్లు పేరు రాసే లాగ్ పుస్తకం ఒక్కటీ ఆయన దగ్గరికి తెస్తాం. ఆయన జేబులోంచి పెన్ను తీసి తెలుగులో తన పేరు, ఊరు, తేదీ నిండుగా రాస్తారు. తర్వాత పిల్లలు పరిగెత్తుకెళ్లి పుస్తకాన్ని డబ్బాలో పెట్టి, అది ఎలా ఉందో అలాగే కప్పేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరో "ఈ గుండ్రటి అందమైన లిపి ఏ భాషది?" అని ఆ డబ్బా వెబ్ పేజీలో రాశారు. నాన్న ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివించుకున్నారు.

డబ్బాలో తినేవి మాత్రం పెట్టకండి, చాక్లెట్ కూడా వద్దు. ఎలకలు కొరికేస్తాయి, వాసనకి పెద్ద జంతువులూ వస్తాయి.

ఇక ఈవెంట్. అధికారిక ఈవెంట్ అంటే ఆట ఆడే ఎవరైనా రావడానికి తెరిచి ఉండాలి, కనీసం అరగంట జరగాలి, రెండు వారాల ముందే ఆట వెబ్‌సైటుకి ఈవెంట్ పేజీ పంపాలి. మీ ఆరు కుటుంబాలే అయితే అది ఈవెంట్ కాదు. అయినా మీకది అక్కర్లేదు. మీ క్యాంపు చోటులోనే మీరే దాచండి: మూత గట్టిగా పడే నాలుగు టిఫిన్ డబ్బాలు, వాటి చోటు అంకెలు రాసిన నాలుగు చీట్లు. పెద్దపిల్లలు పొద్దున చిన్నవాళ్ల కోసం దాస్తారు, మధ్యాహ్నం తిరగేస్తారు. వచ్చేటప్పుడు నాలుగూ లెక్కపెట్టి వెనక్కి తెచ్చేయాలి. యాప్‌లో కనపడే శాశ్వతమైన డబ్బా అంటే ఆ చోటు వాళ్ల అనుమతి కావాలి, దగ్గరుండి చూసుకోవాలి. బోథెల్ నుంచి వచ్చి చూసుకోలేరు.

మసక చీకటి పడుతుండగా గాజులా మెరిసే చిన్న రిఫ్లెక్టర్లు తాడుకి కట్టి పొదల మీద వేలాడదీయండి. టార్చి వేస్తే ఒక్కోటి వెలుగుతుంది, వెలిగినచోటల్లా నడిస్తే చివర డబ్బా. పది గంటల నుంచి నిశ్శబ్ద సమయం, కాబట్టి అంతకుముందే ముగించండి. ఒకసారి మా పిల్లల కేరింతలకి పక్క టెంటువాళ్లు పార్కు వాళ్లని పిలిచారు. తప్పు మాదే, పొద్దున వెళ్లి క్షమాపణ చెప్పాం.

మణికొండబాబాయ్:

చదువుతుంటే మాకూ ఆశగా ఉందమ్మా. హైదరాబాద్‌లో రాళ్ల మధ్య, గండికోటలో పెన్నా లోయ దగ్గర క్యాంపులకి మనవళ్లని తీసుకెళ్తుంటాను. ఇక్కడ ఇది కుదురుతుందా?

లక్కబొంగరం:

కుదురుతుంది బాబాయ్ గారూ, కానీ డబ్బా లేకుండా. మన ఊళ్లలో ఎవరూ లేనిచోట మూత పెట్టిన డబ్బా కనిపిస్తే జనం భయపడతారు, పోలీసులకి ఫోన్ చేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. ఈ ఆటలో ఎర్త్‌కాష్ అని ఒక రకం ఉంది, 2004 నుంచి. డబ్బా ఉండదు, ఆ చోటుకెళ్లి రాయినో లోయనో చూసి ప్రశ్నలకి జవాబు రాయాలి. గండికోటలో పెన్న ఆ బండల్ని ఎలా కోసింది, పొరలు ఎన్ని రంగుల్లో ఉన్నాయి, హైదరాబాద్ గ్రానైట్ గుండ్లు ఒకదానిమీద ఒకటి ఎలా నిలబడ్డాయి. ఇవి అడగడానికి యాప్ కూడా అక్కర్లేదు, మీరే నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి మనవళ్లకివ్వండి. ఒక్క జాగ్రత్త: ఇక్కడ నుంచి ఎవరైనా ఉపగ్రహంతో సందేశాలు పంపే పరికరం తెస్తామంటే వద్దనండి. అనుమతి లేకుండా అవి ఇండియాలో నిషేధం, విమానాశ్రయంలో కొందరిని పట్టుకున్నారు కూడా. మామూలు ఫోన్ జీపీఎస్ చాలు.

బోథెల్‌వాన:

చాలా థాంక్సండీ. ఇరవై వద్దన్నది మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన అప్పటికే పట్టికలో పద్దెనిమిది రాసుకున్నారు. నాలుగుకి తగ్గించాం. వంట కూడా తగ్గిస్తున్నాం: ఒక పూట పులిహోర ఇంటి నుంచే, ఒక పూట పెరుగన్నం. ఇంకా ఏమైనా మరిచిపోయామా?

లక్కబొంగరం:

రెండే. డబ్బాల పేజీలు, మ్యాపు ఇంటి దగ్గరే ఫోన్‌లో దాచుకోండి, చెట్లలో సిగ్నల్ పోతుంది. రెండోది పాయిజన్ ఓక్. మూడేసి ఆకులు కలిసి ఉండే పొద, తగిలితే వారం పైగా దద్దుర్లు. మొదటి రోజు పొద్దునే పిల్లలందరినీ నిలబెట్టి ఆ ఆకు ఫొటో చూపించండి. పొడుగు ప్యాంట్లు వేయించండి, సాయంత్రం కాళ్ల మీద రక్తం పీల్చే పిడుదులు (టిక్స్) ఉన్నాయేమో చూడండి.

జులైలో ఏ వారమో చెప్పండి అక్కా. మేం వీలైతే శనివారం మధ్యాహ్నం ఫలకం దగ్గరికి వస్తాం. అమ్మ ఇచ్చినవాటిలో ఇంకా పదకొండు బొంగరాలున్నాయి, మీ తొమ్మిదిమందికీ సరిపోతాయి.